తల ఊపితే అర్థమైనట్టు కాదు: వలస కూలీలకు వాళ్ల భాషలో అండగా నిలబడటం ఎలా?

జనవరిలో ములుగు జిల్లా మిరప చేల వైపు వెళితే గట్ల మీద పట్టాలు కప్పిన గుడిసెలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకదాని ముందు ఇలాంటి సంగతి జరిగిందనుకోండి. జ్వరంతో ఉన్న పిల్లను ఒళ్లో పెట్టుకుని ఓ తల్లి కూర్చుంది. ఆశా కార్యకర్త వచ్చింది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి మలేరియా పరీక్ష చేసింది. మాత్రలు చేతిలో పెట్టి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అన్నం తిన్నాకే వెయ్యాలి. జ్వరం తగ్గినా మధ్యలో ఆపొద్దు. అర్థమైందా అమ్మా?" అంది. తల్లి తల ఊపింది. ఆశా కార్యకర్త తన రిజిస్టర్‌లో రాసుకుని వెళ్లిపోయింది. మర్నాటికి జ్వరం తగ్గింది. మిగిలిన మాత్రల్ని తల్లి కొంగున ముడేసి దాచింది, మళ్లీ జ్వరం వస్తే పనికొస్తాయని.

ఇందులో తప్పెవరిది? ఆశా కార్యకర్త తన పని శ్రద్ధగానే చేసింది. తల్లి కూడా పిల్ల మీద ప్రేమతోనే మందు దాచింది. ఇద్దరి మధ్యా మాట మాత్రం దాటలేదు. ఆ తల్లిది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు పల్లె, ఇంట్లో మాట్లాడేది గోండీ. తెలుగులో "అర్థమైందా?" అని ఎవరు అడిగినా, ముఖ్యంగా చేతిలో రిజిస్టర్ ఉన్నవాళ్లు అడిగితే, తల ఊపడమే ఆమెకు తెలిసిన మర్యాద.

మీ ఊళ్లో ఇలాంటి గుడిసెలు ఉన్నాయా? మీరు ఆ ఊరి టీచరో, పంచాయతీ కార్యదర్శో, డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న కుర్రాడో, కూలీలను పిలిపించుకున్న రైతో అయితే ఈ అధ్యాయం మీ కోసమే. ఆఫీసూ నిధులూ లేకపోయినా ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒక ఫోన్, ఒక నోటుబుక్కు, సీజన్ మొదట్లో కొన్ని సాయంత్రాలు ఉంటే చాలు.

అసలు ఎవరు వస్తున్నారు? మిరప కాయ ఏరడానికి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, మహబూబాబాద్ చేలలోకి బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల ఆదివాసీ కుటుంబాలు పిల్లా పాపలతో వస్తాయి. వరి నాట్లకు బీహార్, ఉత్తర్‌ప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి మగవాళ్ల ముఠాలు దిగుతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరప, పత్తి పనులకు కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని నుంచి జనం 'సుగ్గి'కి, అంటే కోతల కాలపు వలసకు, పోతారు. వాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు కాబట్టి భాష కష్టం కొంత తక్కువ. మిగతా కష్టాలు అవే.

పరాయి మాటల మధ్య కూలి చేయడం ఎలా ఉంటుందో తెలుగు ఇళ్లకు కొత్తగా చెప్పాలా? పాలమూరు నుంచి బొంబాయి పోయిన వాళ్లున్నారు. కువైట్, సౌదీ ఎడారుల్లో మజ్రాల్లో, అంటే అక్కడి పొలాల్లో, పని చేస్తూ, అరబ్బీ కాగితంలో ఏముందో తెలియకుండా సంతకం పెట్టిన వాళ్లు కడప జిల్లాలోనూ ఉన్నారు, జగిత్యాల జిల్లాలోనూ ఉన్నారు. అక్కడ తెలుగు మాట్లాడే ఒక్క మనిషి దొరికితే వాళ్ల ప్రాణం ఎలా లేచొస్తుందో, మీ ఊరి చేలో ఉన్న గోండీ తల్లికీ అలాగే ఉంటుంది.

1. రాష్ట్రం కాదు, ఇంటి మాట అడగండి

"ఛత్తీస్‌గఢ్ వాళ్లు కదా, హిందీలో చెబితే సరిపోతుంది" అనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. బస్తర్ ప్రాంతంలో ఒక పల్లెలో గోండీ, పక్క పల్లెలో హల్బీ, సరిహద్దు దగ్గర దోర్లీ వినిపిస్తాయి. బడికి వెళ్లిన కుర్రాళ్లకు హిందీ వస్తుంది. వాళ్ల అమ్మలకు, నాయనమ్మలకు చాలాచోట్ల రాదు. బీహార్ ముఠాలో మేస్త్రీ మంచి హిందీ మాట్లాడినా, వెనక నిలబడ్డ వాళ్ల ఇంటి మాట మైథిలీ కావచ్చు, భోజ్‌పురీ కావచ్చు. వాళ్లకు హిందీ అర్థమవుతుంది కానీ గొడవ వచ్చినప్పుడు, నొప్పి చెప్పుకోవాల్సినప్పుడు ఇంటి మాటే నోటికొస్తుంది.

అమెరికాలోనూ ఇదే జరిగింది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసే మెక్సికో కూలీల కోసం ఆసుపత్రులు, న్యాయ సహాయ కార్యాలయాలు ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్‌లో కాగితాలు వేశాయి, స్పానిష్ వచ్చిన సిబ్బందిని పెట్టుకున్నాయి. రెండు భాషలు వచ్చేశాయి కదా అని అందరూ అనుకున్నారు. కానీ ఆక్స్‌నార్డ్ చుట్టుపక్కల స్ట్రాబెర్రీ కోసే వాళ్లలో చాలామంది ఓక్సాకా నుంచి వచ్చిన మిష్టెకో ఆదివాసీలు. వాళ్లకు స్పానిష్ కూడా పరాయి భాషే. 2001లో అక్కడ మొదలైన 'మైకాప్' అనే సంస్థ మిష్టెకో మాట్లాడే వాళ్లనే అనువాదకులుగా తయారు చేసి ఆసుపత్రులకు పంపింది. తర్వాత ఆదివాసీ భాషల్లో రేడియో కూడా నడిపింది.

మీరు చేయాల్సింది చిన్న పనే. మొదటి సాయంత్రం గుడిసెల దగ్గరికి వెళ్లి, "ఇంట్లో అమ్మతో ఏ మాట మాట్లాడతారు?" అని మగవాళ్లనొకసారి, ఆడవాళ్లనొకసారి విడివిడిగా అడగండి. జవాబులు వేరుగా వస్తే ఆశ్చర్యపోకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెళ్లగానే పేర్లు, ఆధార్ నంబర్లు రాసుకోవడం మొదలుపెట్టకండి. బస్తర్‌లో దశాబ్దాలపాటు తుపాకుల మధ్య బతికిన కుటుంబాలవి. తెలియని మనిషి జాబితా రాస్తుంటే వాళ్లకు భయం వేస్తుంది. ముందు నీళ్లెక్కడున్నాయో, కట్టెలెక్కడ దొరుకుతాయో, సంత ఏ రోజో చెప్పండి. పేర్లు తర్వాత వాళ్లే చెబుతారు.

2. మధ్యలో మాట చెప్పే మనిషిని చూసి ఎంచుకోండి

చాలా ఊళ్లలో రైతుకూ కూలీలకూ మధ్య మాట్లాడేది మేస్త్రీ ఒక్కడే. ముఠాను తెచ్చేదీ, బయానా పుచ్చుకునేదీ, కూలి పంచేదీ అతనే. అతన్ని చెడ్డవాడనుకోవాల్సిన పని లేదు. చాలామంది మేస్త్రీలు తమ ఊరివాళ్లను కడుపులో పెట్టుకుని చూసుకుంటారు. అయినా, కూలి లెక్కలో వాటా ఉన్న మనిషి ఆ లెక్కను అనువాదం చేస్తే ఒక మాట అటో ఇటో కావడానికి అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మేస్త్రీని పక్కన పెట్టకండి, అతని ముందే రెండో గొంతును కూడా తోడు తెచ్చుకోండి.

ఆ రెండో గొంతు ఎక్కడ దొరుకుతుంది? ములుగు, భద్రాద్రి జిల్లాల్లో దూరం పోనక్కర్లేదు. మావోయిస్టులపై పోరు పేరుతో సల్వాజుడుం నడిచిన రోజుల్లో, అంటే 2005 తర్వాత, బస్తర్ వదిలి వచ్చి అడవి అంచున గూడేలు కట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఊళ్లలో వాళ్లను గొత్తికోయలు అంటారు. వాళ్ల పిల్లల్లో తెలుగు బడిలో చదివిన వాళ్లున్నారు. ఇంట్లో గోండీకి దగ్గరైన కోయ మాట్లాడే అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. బీహార్ ముఠాల విషయంలోనైతే రైసు మిల్లులో హమాలీగా ఏళ్ల తరబడి పనిచేసి తెలుగు నేర్చుకున్న మనిషి మండల కేంద్రంలో దొరుకుతాడు. అలాంటి వాళ్ల సాయం తీసుకున్నప్పుడు వాళ్ల సమయానికి డబ్బివ్వండి. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం న్యాయం కాదు.

రెండు పనులు మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి మగ మేస్త్రీ చేత అడిగించొద్దు. ఆసుపత్రిలో డాక్టరు మాటల్ని తల్లికి చెప్పమని పదేళ్ల పిల్లను నిలబెట్టొద్దు. రక్తస్రావం, గర్భస్రావం లాంటి మాటలు ఆ పిల్ల నోట రావాలా?

3. పనిలోకి దిగకముందే ఐదు మాటలు తేల్చుకోండి

చాలా గొడవలు చివరి రోజు బయటపడతాయి కానీ పుట్టేది మొదటి రోజే. అందుకే మొదటి సాయంత్రమే రైతు, మేస్త్రీ, కనీసం ఇద్దరు కూలీలు (వాళ్లలో ఒకరు ఆడమనిషి), మధ్యలో మాట చెప్పే మనిషి కలిసి కూర్చోవాలి. తేల్చుకోవాల్సినవి ఇవి: కూలి ఎంత, దేని లెక్కన; ఇచ్చిన బయానా ఎంత, ఎలా చెల్లు; తిండి గింజలు, వంట సామాను ఎవరివి; ఒంట్లో బాగోకపోతే ఖర్చు ఎవరిది; తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది.

వీటిలో మొదటిదే అన్నిటికంటే చిక్కు. నాట్ల ముఠాతో ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుంటారు. తెలంగాణ రైతుకు ఎకరమంటే 40 గుంటలు, గుంటంటే 121 చదరపు గజాలు. బీహార్ మనిషి మనసులో ఉండేది కట్ఠా, బీఘా. 20 కట్ఠాలు ఒక బీఘా, కానీ కట్ఠా కొలత అక్కడ జిల్లాకో రకం. "ఆ మడి ఎకరం పది గుంటలు" అని రైతు అంటే, ఒడ్డున నిలబడి చూసే ముఠాకు అది ఎక్కువగానే కనిపిస్తుంది. నాటు అయిపోయాక వాదించుకుని లాభమేముంది? ముందే మడి చుట్టూ ఇద్దరూ కలిసి నడవండి. తాడుతోనో, ఫోన్‌లో నేల కొలిచే యాప్‌తోనో కొలిచి, ఆ అంకె ఇద్దరి ఫోన్లలో ఫొటోగా ఉంచండి.

మిరపలో ఇంకో రకం. కొన్నిచోట్ల రోజు కూలి, కొన్నిచోట్ల కిలో లెక్క, ఇంకొన్నిచోట్ల డబ్బుకు బదులు మిరపకాయలే కూలి. కిలో లెక్కయితే కాటా అంకె ఏరిన మనిషికి కనబడాలి, బస్తాకు తరుగు ఎంత తీస్తారో ముందే చెప్పాలి. కాయలే కూలి అయితే పచ్చివా, కల్లంలో ఎండినవా, తాలు కలిసినవా అన్నది తేలాలి. రైతే వాటిని తిరిగి కొనే పద్ధతి ఉంటే ఏ రోజు మార్కెట్ ధరకో కూడా తేలాలి. మిర్చి ధర వారం తిరక్కుండా మారుతుంది కాబట్టి ఈ ఒక్క మాట తేలకపోవడం వల్ల సీజన్ కష్టమంతా కరిగిపోవచ్చు.

తేలిన మాటను రాసి పెట్టండి. నోటుబుక్కు పేజీలో ఐదు గళ్లు గీయండి: తేదీ, పనికొచ్చిన మనుషులు, అయిన పని, ఇచ్చిన డబ్బు, మిగిలిన బాకీ. గడి పేర్లు తెలుగులోనూ, హిందీలోనూ రాయండి. చదవడం రానివాళ్ల కోసం ప్రతి గడి మీద బొమ్మ వేయండి. మనిషి, కొడవలి, నోటు చాలు. అంకెలు 1, 2, 3 అనే రాయండి, అవి అన్ని వైపులా తెలిసినవే. వారానికోసారి పేజీ ఫొటో తీసి మేస్త్రీకీ, ఇంకో ఇద్దరు కూలీలకూ పంపండి.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఒడిశాలో బయానా ఇచ్చి బయటి రాష్ట్రాలకు తీసుకెళ్లే దాదన్ కూలీల దోపిడీ బయటికొచ్చాక 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, కాంట్రాక్టరు ప్రతి కార్మికుడికీ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలని చెప్పింది. అది హిందీ, ఇంగ్లిష్‌లలో ఉండాలి, కార్మికుడి భాష ఆ రెండూ కాకపోతే అతని భాషలో కూడా ఉండాలి. అప్పట్లోనే చట్టం అంత దూరం ఆలోచించింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వలస కార్మికులకు ప్రభుత్వం టోల్‌ఫ్రీ హెల్ప్‌లైన్ పెట్టాలని వాటిలో ఉంది. అయితే చిన్న రైతు చేలోకి నేరుగా దిగే ముఠా దాకా పాస్‌బుక్ రావడం అరుదు. అందుకే ఆ పేజీ మీరే గీయండి.

4. పోస్టర్ అంటించి చేతులు దులుపుకోకండి, గొంతు వినిపించండి

పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగు, ఇంగ్లిష్ పోస్టర్ ఎవరి కోసం? అటువైపు రాని మనిషి కోసం, చదవని భాషలో. హిందీలోకి మార్చి రంగుల్లో వేయించినా చదువు రాని తల్లికి అది గోడే.

ఛత్తీస్‌గఢ్‌లోనే దీనికి దారి చూపించిన వాళ్లున్నారు. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో 'సీజీనెట్ స్వర' అనే ఫోన్ వేదిక మొదలుపెట్టారు. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు కాల్ చేస్తే గోండీలోనో, హిందీలోనో తమ ఊరి సమస్య చెప్పవచ్చు, ఇతరులు చెప్పింది వినవచ్చు. బోరు చెడిపోవడం, ఉపాధి కూలి రాకపోవడం, రేషన్ ఆగిపోవడం లాంటి సంగతులు అక్షరం రాని వాళ్ల గొంతుల్లోనే అధికారుల చెవిన పడ్డాయి. అమెరికాలో ఫ్రెస్నో పట్నంలో 1980లో గాలిలోకి వచ్చిన 'రేడియో బిలింగ్వే' కూడా ఈ దారిదే. దాన్ని స్థాపించిన హ్యూగో మొరాలెస్ ఓక్సాకా మిష్టెకో కుటుంబంలో పుట్టి, పొలం కూలీల బిడ్డగా పెరిగి, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన మనిషి. ఆ చదువుతో పెద్ద ఉద్యోగానికి పోకుండా పొలాల మధ్యకే తిరిగొచ్చాడు.

మీ స్థాయిలో రేడియో అక్కర్లేదు. వాట్సాప్‌లో ఒక నిమిషం ఆడియో చాలు. అది ఇలా చేయండి:

ఒక ఆడియోలో ఒకే సంగతి చెప్పండి. రేషన్ గురించైతే రేషనే, అందులో బడి గురించి కలపొద్దు.

ఆ భాషలో పుట్టిన మనిషి చేతే చెప్పించండి. ఆడవాళ్లకు సంబంధించిన సంగతి ఆడ గొంతులో ఉండాలి.

ముందు మీరు తెలుగులో నాలుగు చిన్న మాటలు రాసుకోండి. ఉదాహరణకు: "మీ ఊరి రేషన్ కార్డు ఇక్కడి షాపులోనూ పనిచేస్తుంది. కార్డు నంబరో, ఆధార్ నంబరో తెచ్చుకోండి. కార్డులో పేరున్న మనిషే వచ్చి వేలిముద్ర వేయాలి. ఇబ్బంది అయితే ఈ నంబరుకు ఫోన్ చేయండి." దీన్ని అనువాదకురాలు తన పద్ధతిలో చెప్పాలి, ఒక్కో మాటకూ మాట పెట్టొద్దు.

రికార్డు చేసింది ఇద్దరు కూలీలకు వినిపించి, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, ఏం చేయాలంటా?" అని అడగండి. వాళ్లు తప్పు చెబితే ఆడియో మార్చండి.

ఈ చివరి అడుగు మాత్రం ఎప్పుడూ మానకండి. మొదట చూసిన ఆ తల్లి విషయంలోనూ "అర్థమైందా?" బదులు "రాత్రికి ఎన్ని మాత్రలు వేస్తావు? జ్వరం తగ్గితే ఏం చేస్తావు?" అని అడిగి ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది. మాత్రల పొట్లం మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీయడానికి ఎంతసేపు పడుతుంది?

ఫోన్‌లోని అనువాద యాప్‌లు వాడొచ్చా? హిందీ, బెంగాలీలకు కేంద్ర ప్రభుత్వ 'భాషిణి' లాంటివి రోజువారీ మాటలకు బాగానే ఉపయోగపడతాయి. గోండీ కోసం గిరిజన వ్యవహారాల శాఖ 2025లో 'ఆది వాణి' తెచ్చింది. దారి చెప్పడానికి, సంతలో బేరానికి వాడండి. మందు మోతాదు, కూలి ఒప్పందం, పోలీసు కాగితం మాత్రం మనిషి చేతే చెప్పించండి.

5. ముందు కడుపు, తర్వాత జ్వరం, ఆ తర్వాత మిగతావి

ఉన్న పథకాలన్నీ ఒకే సాయంత్రం చెప్పేయాలన్న ఆత్రం మంచి మనసున్న వాళ్లకే ఎక్కువ. రోజంతా ఎండలో వంగి కాయ ఏరి వచ్చిన మనిషి ఎంత వినగలడు? ఒక సాయంత్రానికి ఒక్క సంగతే చెప్పండి.

రేషన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే ఫలితం వెంటనే కళ్లకు కనబడుతుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర జంటలతోనే మొదలైంది. 2022 నాటికి దేశమంతా వచ్చింది. జాతీయ ఆహార భద్రత చట్టం కిందున్న కార్డు అయితే బియ్యంలో కొంత ఇక్కడ తీసుకుని, మిగిలింది ఊళ్లో ఉన్న ముసలివాళ్లు అక్కడ తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది ఇక్కడ కార్డు వాడితే అక్కడ ఆగిపోతుందని భయపడతారు.

చిక్కులూ ఉన్నాయి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు, కేంద్ర చట్టం కింద లేనిది, బయటి రాష్ట్రంలో పనిచేయదు. ఆధార్ జోడించని పేరుకు గింజలు రావు. మిరప ఘాటుకు, పని రాపిడికి వేలి గీతలు అరిగి ముద్ర పడకపోవచ్చు. అప్పుడు ఇంకో వేలు, ఇంట్లో ఇంకో మనిషి వేలు ప్రయత్నించమనండి. మొదటిసారి మీరే ఇద్దరిని వెంట తీసుకుని డీలరు దగ్గరికి వెళ్లండి. డీలరు "బయటి కార్డులకు లేదు" అంటే అక్కడి నుంచే 14445కు ఫోన్ చేయండి. ఆ ఇద్దరూ బియ్యం మోసుకుని గుడిసెలకు వచ్చాక మిగతా వాళ్లకు మీరు చెప్పాల్సిన పని ఉండదు.

తర్వాత ఆరోగ్యం. 108 నంబరు అందరికీ నోటికి వచ్చేలా చేయండి. కానీ ఫోన్ చేసిన మనిషి "ఎక్కడున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలడా? చేల మధ్య గుడిసెకు ఇంటి నంబరు ఉండదు. ఊరి పేరు, మండలం పేరు, దగ్గరి గుర్తు (గుడి, ట్రాన్స్‌ఫార్మర్, చెరువు కట్ట) తెలుగులో ఎలా చెప్పాలో ప్రతి గుడిసెలో ఒకరికి నేర్పండి. పెద్ద జబ్బయితే ఆయుష్మాన్ భారత్ కార్డు ఏ రాష్ట్రంలో ఇచ్చినా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో చెల్లుతుంది. 14555కు ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రి ఏదో కనుక్కోవచ్చు.

పురుగుమందు సంగతి విడిగా చెప్పాలి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మన దేశంలో డబ్బా మీద విష తీవ్రతను రంగు గుర్తుతో చూపిస్తారు. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ గుర్తుకు భాష అక్కర్లేదు, కాబట్టి ఖాళీ డబ్బా పట్టుకెళ్లి చూపించండి. అదే డబ్బాలో నీళ్లు పట్టుకోకూడదని కూడా అప్పుడే చెప్పండి. నిన్న మందు కొట్టిన చేలోకి ఈ రోజు ఏరేవాళ్లను దించకుండా చూసే బాధ్యత రైతుది. చేను గట్టు మీద ఎర్ర గుడ్డ కడితే "ఇవాళ లోపలికి రావొద్దు" అని అర్థమని ముందే అనుకోండి. అమెరికాలో అత్యంత విషపూరితమైన పంట మందుల డబ్బాల మీద జాగ్రత్తలు స్పానిష్‌లో కూడా ఉండాలన్న నిబంధనకు 2025 డిసెంబరు 31 దాకా పట్టింది. మీ ఊళ్లో ఎర్ర గుడ్డకు అంతకాలం ఆగనక్కర్లేదు.

పిల్లల విషయంలో అంగన్‌వాడీయే మొదటి మెట్టు. గర్భిణి అయినా, చిన్న పిల్ల అయినా వేరే రాష్ట్రం వాళ్లన్న కారణంతో పంపేయకూడదు. అంగన్‌వాడీల నమోదు యాప్ పోషణ్ ట్రాకర్‌లో వలస వచ్చిన వాళ్లను చేర్చే వీలుంది. బడిలో టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండటం 2009 విద్యా హక్కు చట్టానికి విరుద్ధం. చేరిన పిల్లకు చదువు అర్థమవుతుందా అన్నది వేరే ప్రశ్న. ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లల కోసం ఒడియా పుస్తకాలతో బడులు మన రాష్ట్రాల్లోనే నడిచాయి. కేరళలో ఎర్నాకుళం జిల్లా 2017లో 'రోష్ని' పేరుతో వలస పిల్లల భాష తెలిసిన వాలంటీర్లను బడుల్లో పెట్టింది. అదే ఏడాది ఆ రాష్ట్ర సాక్షరతా మిషన్ 'చంగాతి' పథకం కింద పెద్దవాళ్లకు మలయాళం నేర్పడానికి ప్రత్యేకంగా పుస్తకం వేసింది. మూడు నెలల సీజన్‌లో అంత చేయలేకపోయినా, బడిలో రెండు భాషల్లో పది పాటలు, వంద మాటలు నేర్పడం ఏ టీచరుకూ అసాధ్యం కాదు. తెలుగు పిల్లలు కూడా నేర్చుకుంటారు.

6. ఫోన్ ఎత్తే మనిషి ఒకరు ఉండాలి

సమాచారమంతా చెప్పాక, ఆపద వచ్చిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఒక నంబరు, ఒక మనిషి, ఎత్తే వేళలు తేల్చి చెప్పండి. రాత్రి 9 దాకా అంటే 9 దాకా ఎత్తాలి. ఎత్తిన వాళ్లకు భాష రాకపోతే మూడో మనిషిని కలిపి ముగ్గురూ మాట్లాడటం ముందే సాధన చేయండి.

ఫోన్ దగ్గరే ఒక కాగితం పెట్టుకోండి. అసంఘటిత కార్మికుల నమోదు అయిన ఈ-శ్రమ్ సందేహాలకు 14434. పిల్లల ఆపదకు 1098, ఆడవాళ్ల ఆపదకు 181. ఉచిత న్యాయ సహాయానికి 15100. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. మిరప చేలోని కూలీల్లో దాదాపు అందరూ దీని కిందికే వస్తారు, ఆ మాట వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ.

ఫోన్‌లో వినే కొన్ని మాటలు మిమ్మల్ని ఆపేయాలి. "మా ఆధార్ కార్డులు మేస్త్రీ దగ్గరున్నాయి, ఇవ్వడం లేదు." "బయానా తీరేదాకా ఊరికి పోవద్దంటున్నారు." "ఫోన్లు లాక్కున్నారు." ఇవి కూలి గొడవలు కావు. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందికి వచ్చే లక్షణాలు. మీరు వెళ్లి ఎదురు నిలబడి గొడవపడొద్దు. దానివల్ల దెబ్బ తగిలేది కూలీలకే. కలెక్టరుకో, ఆర్డీవోకో, తహసీల్దారుకో రాతపూర్వకంగా చెప్పండి, న్యాయ సేవల వాళ్లను తోడు తీసుకోండి, ఫోన్ చేసిన మనిషి పేరు బయటికి రానివ్వకండి.

మామూలు కూలి గొడవల్లోనూ "నీ డబ్బులు ఇప్పిస్తాను" అని మాటివ్వకండి. "అడుగుతాను, శుక్రవారం చెబుతాను" అనండి. శుక్రవారం ఏమీ తేలకపోయినా ఫోన్ చేసి ఆ మాటే చెప్పండి. గుడిసెల ఫొటోలు, పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దన్నది వేరే చెప్పాలా?

"ఇదంతా చేస్తే నాకేం లాభం?" అని రైతు అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. కాయ పండి చెట్టు మీద ఉన్నప్పుడు ముఠా దొరక్కపోతే ఏమవుతుందో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. లెక్క సరిగా ఉన్న చేలోకి, పిల్ల జ్వరానికి బండి కట్టిన ఊరికి, వచ్చే ఏడు కూడా ముఠా మొగ్గుతుంది.

7. తిరుగు ప్రయాణం ముందు రోజు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేనాటికి మిరప చేలు మనుషులతో నిండి ఉన్నాయి. ఏప్రిల్‌లో ములుగు జిల్లా చేల నుంచి ఒక గుంపు అడవి దారుల్లో బీజాపూర్ వైపు నడక మొదలుపెట్టింది. వాళ్లలో 12 ఏళ్ల ఆడపిల్ల కూడా ఉంది. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకొంత దూరంలో ఉందనగా ఆ పిల్ల చనిపోయింది. అలాంటి రోజు మళ్లీ వస్తే మీ ఊరి గుడిసెల్లోని వాళ్లు ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ ప్రశ్నకు ఇప్పుడే మీ దగ్గర జవాబుండాలి.

మామూలు ఏడాదిలో తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం మళ్లీ అందరూ కూర్చోండి. నోటుబుక్కు చివరి పేజీ గట్టిగా చదివి, రెండో భాషలో చెప్పించి, కూలీల చేత తిరిగి చెప్పించండి. బాకీ ఉంటే ఎంత, ఏ తేదీకి, ఎవరి ఖాతాలోకి అన్నది రాసి ఫొటో తీయండి. మిర్చి బస్తాలెక్కిన లారీ మీద మనుషుల్ని పంపొద్దు, బస్సు వేళలు కనుక్కుని చెప్పండి. పిల్లకు వేసిన టీకాల కార్డు, గర్భిణి పరీక్షల కాగితాలు, మధ్యలో ఆగిన మందుల చీటీ తల్లి చేతికే ఇవ్వండి, మేస్త్రీ సంచిలో కాదు.

ఒక్క ప్రశ్న కూడా అడగండి: "ఈసారి మేం చెప్పని సంగతి ఏదైనా ఉందా, వచ్చే ఏడాది ముందే తెలిస్తే బాగుండేది?" ఆ జవాబునే రికార్డు చేసుకోండి, వాళ్ల భాషలోనే. డిసెంబరులో కొత్త ముఠా దిగినప్పుడు మొదటి ఆడియో అదే అవుతుంది. బాకీ డబ్బు గురించి ఫోన్ వాళ్లు ఊరు చేరాకే రావచ్చు కాబట్టి, వాళ్లకు మీరిచ్చిన నంబరును వానాకాలం దాకా రీచార్జిలో ఉంచండి.